నేను చూసింది వీపు మాత్రమే

మా కోర్టుల్లో సాక్షి చెప్పేది ఒకటి, కాగితం మీదికి ఎక్కేది ఇంకొకటి. అబద్ధమని నా ఉద్దేశం కాదు. బోనులో నిలబడ్డ మనిషి తెలుగులోనో కన్నడంలోనో తమిళంలోనో తన గోడు చెప్పుకుంటాడు. జడ్జి అది విని, ఇంగ్లీషులోకి మార్చి, కింద కూర్చున్న స్టెనోకు చెబుతాడు. సాక్షే చెబుతున్నట్టు రాయాలి గనక జడ్జి కూడా 'నేను' అనే చెబుతాడు. 'నేను ఆ రోజు పొలంలో ఉన్నాను. నా భర్తను ముద్దాయి గొడ్డలితో కొట్టడం చూశాను' అని బుర్రమీసాల మనిషి ఒకాయన, నల్లకోటు వేసుకుని, ముఖంలో ఏ కదలికా లేకుండా అంటుంటే కొత్తలో నాకు నవ్వు ఆగేది కాదు. పెన్సిలు కొరుక్కుంటూ తల దించుకునేదాన్ని. ఎదురుగా ఆ భర్త పోయిన ఆమె ఇంకా ఏడుస్తూనే ఉండేది. అది చూసి నా నవ్వు మీద నాకే అసహ్యం వేసేది.

ఆ స్టెనోను నేనే. ఆ బుర్రమీసాల ఆయన బెంగళూరులో ఏ కోర్టులో ఉంటే ఆ కోర్టులో, చాలా ఏళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. తర్వాత ఆయన రిటైరయ్యారు, ఎన్నికల్లో నిలబడ్డారు, ఎమ్మెల్యే అయ్యారు, అయిన రెండో ఏడు తన ఇంటి హాల్లోనే హత్యకు గురయ్యారు. ఆ పూట నేను అక్కడే ఉన్నాను. ఇంతవరకూ పేపర్లలో వచ్చిందే. కానీ ఆ హత్యకు ఒకరికి శిక్ష పడటమా పడకపోవడమా అన్నది చివరికి నా ఒక్క మాట మీదికి వచ్చి ఆగింది. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. పేర్లు మాత్రం రాయను. అందరూ ఇక్కడిక్కడే తిరిగే మనుషులు.

జడ్జిగారిది హొసకోటె దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. వాళ్లకు మల్బరీ తోట ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కోర్టులో ఇంగ్లీషు. మహదేవపుర చుట్టూ రాగి చేలున్న కాలంలోనే మా తాత అక్కడికి వచ్చి స్థిరపడ్డాడు గనక మా ఇద్దరి తెలుగూ ఒకటే. ఇప్పుడు వైట్‌ఫీల్డ్ నిండా ఉన్న సాఫ్ట్‌వేర్ పిల్లలు మా మాట విని 'ఆంటీ, మీది తెలుగేనా?' అని అడుగుతారు. 'మాది తెలుగే, మీది సగం ఇంగ్లీషు' అని నేనంటాను. జడ్జిగారు బెంచి మీద ఉన్నప్పుడు ఆ తెలుగు దాచిపెట్టేవారు. సాక్షి మరీ బెదిరిపోయినప్పుడే బయటికి తీసేవారు.

"ఏం బయపడొద్దప్పా. నువ్వు అనుకున్నది వద్దు, ఇన్నది వద్దు. కండ్లతో చూసింది ఉంటే చెప్పు. లేకుంటే లేదని చెప్పు, పోతావు ఇంటికి."

ఈ పట్టింపు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక ఆదివారం తన ఇంట్లో కూర్చుని నాకు తీర్పు చెప్పి రాయిస్తూ మధ్యలో ఆపి తానే చెప్పారు. కొత్తగా జడ్జి అయినప్పుడు ఒక ముసలాయన బోనెక్కి, తన కొడుకును చంపింది ఫలానావాడేనని, కళ్లారా చూశానని చెప్పాడట. ఎన్ని ఎదురు ప్రశ్నలు వేసినా తొణకలేదట. ఈయన నమ్మి యావజ్జీవం వేశారు. ఏళ్లు గడిచాక చంపినవాడు వేరే కేసులో దొరికి అంతా ఒప్పుకున్నాడు. ముసలాయన కావాలని అబద్ధమాడలేదు. చీకట్లో, చెరువు అవతలి గట్టు మీద నుంచి ఎవరో పరిగెత్తడం చూశాడు. వాడే అయ్యుంటాడని ఊరంతా అంటే తానూ అనుకున్నాడు. అనుకోగా అనుకోగా ఆ ముఖం చూసినట్టే అయిపోయింది. "జైల్లోకి పోయినప్పుడు పెండ్లి కాని పిల్లోడమ్మా. తెల్ల ఎంట్రుకలతో బయటికొచ్చినాడు" అన్నారు జడ్జిగారు. ఆపిన చోట నుంచి మళ్లీ తీర్పు చెప్పడం మొదలుపెట్టారు. నేను రాసుకున్నాను. ఆ తీర్పు దేని గురించో ఇప్పుడు గుర్తులేదు.

జడ్జి ఇల్లంటే ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. పెళ్లికి పోరు, అక్కడ లాయర్లు ఉంటారని. పక్కింటికి పోరు, వాళ్ల బావమరిదికి స్థలం కేసు నడుస్తోందని. దీపావళికి ఎవరైనా మిఠాయి డబ్బా తెస్తే గేటు దగ్గర నుంచే వెనక్కి. ఆయనకు అది హాయిగానే ఉండేది. పుస్తకాలున్నాయి, ఫైళ్లున్నాయి. ఆయన భార్యకు మాత్రం నరకం. మాటకారి మనిషి, నలుగురిలో పుట్టి పెరిగింది, నాలుగు గోడల మధ్యకు వచ్చిపడింది. ఆవిడను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకు ఏ కోర్టులోనూ ఏ కేసూ లేదు గనక ఆ ఇంట్లో కాఫీ తాగే అర్హత నాకొక్కదానికే ఉండేది. ఆదివారాలు నేను పోగానే వంటింట్లోకి లాక్కుపోయి, వారం రోజుల కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేది. "ఆమె వచ్చింది తీర్పు రాసుకునేకి" అని ఆయన లోపల్నుంచి కేకేస్తే, "రాస్తాదిలే. మీ తీర్పు యాడికీ పారిపోదు" అనేది. మా ఇద్దరి స్నేహం అలా ఆయన తీర్పుల పక్కనే పెరిగింది. నాకు తోబుట్టువులు లేరు. ఆ లోటు నాకు తెలియలేదంటే ఆవిడ వల్లే.

రిటైరయ్యాక వాళ్లు మహదేవపుర దగ్గర ఒక లేఔట్‌లో ఇల్లు కట్టుకున్నారు. మా ఇంటికి నడిచిపోయేంత దూరం. ఒక వానాకాలం రాజకాలువ పొంగి వీధంతా మోకాళ్లలోతు నీళ్లు నిలిచాయి. రాజకాలువ అంటే ఒక చెరువు నిండితే నీళ్లు కింది చెరువుకు పోయే పాత కాలువ. దాన్ని సగం పూడ్చి, పైన ప్రహరీ కట్టి, ప్లాట్లు వేసి అమ్ముకున్నాడు ఒక మనిషి. ఆ నీళ్లలో పాత ఊరివాళ్ల ఇళ్లూ మునిగాయి, సాఫ్ట్‌వేర్ వాళ్ల కార్లూ మునిగాయి. అందరూ కలిసి జడ్జిగారి గేటు ముందు చేరారు. ఆయన అలవాటు చొప్పున కిటికీలోంచి చూసి, "సంబంధించిన ఆఫీసులో అర్జీ పెట్టుకోమను" అన్నారు. అక్క చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నీళ్లలో నడిచి వెళ్లి గేటు బార్లా తెరిచింది.

"ఇన్నేండ్లు తలుపులేసుకోని బతికితిమి. ఇంక చాలు. రాండప్పా, అందరూ లోపలికి రాండి" అంది.

ఎన్నికల్లో నిలబడమని పట్టుబట్టింది కూడా ఆవిడే. ఆ ప్రచారం చూసి తీరాలి. ఆయన మైకు పట్టుకుని, "అవతలి అభ్యర్థి మీద ఆరోపణలు ఉండాయి. అవి ఇంకా రుజువు కాలేదు" అనేవారు. చప్పట్లకు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయేవి. ఒక సభలో "కాలువ కబ్జా అయిందనేది ఒక వాదన. కాలేదనేది ఇంకో వాదన" అని మొదలుపెట్టేసరికి వెనక నుంచి ఎవరో, "ఏమప్పా, ఈయన మన పక్కనా, వాళ్ల పక్కనా?" అని అరిచారు. జనం పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వి, "అదే తేల్చుకునేకి వచ్చినాను" అన్నారు. గెలుస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. గెలిచారు. అబద్ధం చేతకానివాణ్ణి ఒక్కసారి పంపి చూద్దామని జనం అనుకున్నట్టుంది.

ఎమ్మెల్యేగా ఆయన చాలా నేర్చుకున్నారు. పెళ్లిళ్లకు పోయారు, అందరి ఇళ్లలో రాగిముద్దలు తిన్నారు, చిన్నపిల్లలను ఎత్తుకుని ఫొటోలు దిగారు. ఒక్కటి మాత్రం అలవాటు కాలేదు. మన దగ్గర పదవిలో ఉన్న మనిషి కనబడితే వంగి కాళ్లు పట్టుకుంటారు కదా, అది ఆయనకు ఒళ్లు మంట. ఎవరు వంగినా చటుక్కున రెండు భుజాలూ పట్టుకుని పైకి లేపేవారు. "నా కాళ్లలో ఏముండాదప్పా, కీళ్లనొప్పులు తప్ప" అనేవారు. రోజంతా అలా మనుషులను లేపుతూనే ఉండేవారు. "డాక్టరు చెప్పిన ఎక్సర్‌సైజు ఈ రకంగానన్నా చేస్తా ఉండాడు" అని అక్క మురిసిపోయేది. ఆ రోజుల్లో ఆవిడ ముఖం చూడాలి. హాలు నిండా మనుషులు, స్టవ్ మీద ఎప్పుడూ కాఫీ. ఆవిడకు కావలసింది అదే.

పొద్దున పూట అర్జీలు తీసుకునేవారు. నేనూ అప్పటికి రిటైరయ్యాను. వచ్చి రాసిపెట్టమన్నారు, వెళ్లేదాన్ని. అక్కడ కూడా ఆయన పాత పద్ధతే. ఎవరైనా ఇంకొకరి మీద ఫిర్యాదు తెస్తే తీసుకునేవారు కాదు.

"అవతలాయన్ని గూడా పిల్చుకోని రాప్పా. ఒకరి మాట ఇనేసి తీర్పు చెప్పేకి నేనేమన్నా సోది చెప్పేవాణ్ణా?"

జనానికి ఇది నచ్చేది కాదు. వాళ్లు గోడు చెప్పుకోవడానికి వస్తే ఈయన వాయిదా ఇచ్చి పంపేవారు. ప్రభుత్వం ఇచ్చిన గన్‌మ్యాన్‌ను గేటు బయట, రోడ్డు అవతల కూర్చోమనేవారు. "తుపాకి పక్కన పెట్టుకోని నిజం చెప్పు అంటే ఎవుడు చెప్తాడు?" వచ్చినవాళ్ల సంచులు వెతకడం కూడా మాన్పించారు. కోర్టులో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చునట, తలుపు వేయకూడదట. ఇది కోర్టు కాదు సార్, ఇల్లు అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ పద్ధతి ప్రకారమే కాలువ మీద ప్రహరీ కట్టిన మనిషికీ కబురు పంపారు. అతను వచ్చాడు. తెల్లచొక్కా, చేతికి వెండి కడియం, మెత్తని మాట. నడిచేటప్పుడు కుడికాలు కొంచెం ఈడుస్తాడు. నేనే కాఫీ ఇచ్చాను, రెండు చేతులతో అందుకున్నాడు. అతను చెప్పేదంతా జడ్జిగారు ఓపికగా విన్నారు, అతను తెచ్చిన పటాలు తిరగేశారు, మధ్యలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. చివరికి, "గోడ తీసేయాల్సిందేనప్పా. నువ్వు తీయకుంటే అసెంబ్లీలో అడగతా" అన్నారు. అతను నవ్వుతూనే లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇంటిని ఒకసారి పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. నచ్చకపోవడం సాక్ష్యం కాదనుకోండి.

తర్వాత కొన్నాళ్లకే జరిగింది. ఆ పొద్దున జనం పలచగా ఉన్నారు. నేను కాఫీ పళ్లెం పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి వస్తున్నాను. జడ్జిగారు నాకు ఎదురుగా, కుర్చీలో కూర్చుని ఉన్నారు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు, నీలం చొక్కా, భుజాన పార్సిళ్లు తెచ్చేవాళ్ల పెద్ద సంచి, లోపలికి వచ్చాడు. హెల్మెట్ నల్ల అద్దం దించే ఉంది. బెంగళూరులో పార్సిల్ తెచ్చినవాడి ముఖం ఎవరు చూస్తారు? ఫోనులో వచ్చిన నంబరు చెబుతాం, సంచి అందుకుంటాం, తలుపు వేసుకుంటాం. అతను నేరుగా కుర్చీ దగ్గరికి పోయి, నాకు వీపు పెట్టి వంగాడు. జడ్జిగారు అతని రెండు భుజాలూ పట్టుకున్నారు.

మళ్లీ మొదలు, వీడు కాళ్లు పట్టుకోవడం, ఈయన లేపడం, ఈ కాఫీ చల్లారిపోవడం అని విసుక్కున్నాను. ఎదురుగా మనిషిని పొడుస్తుంటే నేను కాఫీ గురించి ఆలోచించాను. భుజాల మీద ఆయన చేతులు పట్టు తప్పి, ఆ నీలం చొక్కా మీదుగా కిందికి జారాక గానీ నాకు ఏదో తేడాగా ఉందని తోచలేదు. ఆ మనిషి నిటారుగా లేచి, గబగబా గుమ్మం వైపు నడిచాడు. పరిగెత్తలేదు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నట్టు అనిపించింది. వీధిలో బండి చప్పుడు వినబడింది. పళ్లెం నా చేతిలోంచి ఎప్పుడు పడిపోయిందో తెలియదు. ఆ చప్పుడుకు అక్క పూజగదిలోంచి వచ్చింది. తర్వాత చూసింది నేను రాయలేను.

అదే రోజు పోలీసులకు చెప్పాను. నీలం చొక్కా, హెల్మెట్, సంచి, వీపు, నడక. ముఖం చూడలేదని కూడా చెప్పాను. ప్రహరీ మనిషిని పట్టుకున్నారు. అంత డబ్బున్నవాడు తానే వచ్చి పొడుస్తాడా, మనుషులు దొరకరా అని కొందరన్నారు. గోడ పోతుందన్న కోపం ఆపుకోలేక తానే వచ్చాడని పోలీసులన్నారు. రోడ్డు అవతల గన్‌మ్యాన్ చూసిందీ, ఇంటి ముందు కెమెరాలో పడిందీ హెల్మెట్టే, బండికి నంబరు పలక లేదు. హాల్లో ఉన్నవాళ్లు మొదట్లో అతనే, అతనే అన్నారు. విచారణకు వచ్చేసరికి ఒక్కొక్కరే 'ఆ పొద్దున నేను అక్కడ లేను' అని అడ్డం తిరిగారు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల ఇళ్లు అతని ప్లాట్ల పక్కనే ఉన్నాయి, పిల్లలు ఆ దారినే బడికి పోవాలి. చివరికి మిగిలింది నేనొక్కదాన్నే.

ఇక మొదలైంది నాకు బోధ చెయ్యడం. ప్రాసిక్యూటరు మంచివాడే, తన ఆఫీసులో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. "మీ చేత్తో కాఫీ ఇచ్చారు కదమ్మా అతనికి. మీకు తెలిసిన మనిషి. ఇతనే అని ఒక్క మాట అనండి, మిగతాది నేను చూసుకుంటాను." మా మేడ మీద అద్దెకుండే గుంటూరు అమ్మాయి మెట్ల మీద ఆపి, "ఆంటీ, వాడేనని అందరికీ తెలుసు కదా. జస్ట్ ఐడెంటిఫై చేసేయండి. అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో అందరూ మీ గురించే టెన్షన్ పడుతున్నారు" అంది. నా గురించి ఎవరూ టెన్షన్ పడనక్కర్లేదని చెప్పి లోపలికి వచ్చేశాను. వచ్చి తలుపు వేసుకుని కూర్చున్నాను. నిజానికి నాకంటే టెన్షన్ పడుతున్నవాళ్లు లేరు.

వీళ్లందరినీ తట్టుకోవచ్చు. అక్క అడుగుతుందేమోనని మాత్రం భయపడుతూ ఉన్నాను. ఆ ఇంట్లో ఉండలేక ఆవిడ హొసకోటెలో తమ్ముడింటికి మారింది. వారానికోసారి బస్సెక్కి పోయేదాన్ని. ఎప్పుడు పోయినా పాత కబుర్లే, కేసు మాట ఎత్తేది కాదు. నా సాక్ష్యం దగ్గరపడ్డ రోజుల్లో ఒకసారి పోయాను. అనపకాయల కాలం. నానబెట్టిన గింజలు ముందు పెట్టుకుని, ఒక్కొక్కటి వేళ్ల మధ్య నొక్కి తోలు తీస్తోంది. పితికిపప్పు చేసి పెడతానంది. నేనూ కూర్చుని రెండు గింజలు అందుకున్నాను.

"నిన్ను ఎప్పుడైనా ఏమన్నా అడిగినానా నేను?" అంది.

"లేదక్కా."

"ఇప్పుడు అడగతా ఉండా. వాణ్ణి చూసినానని చెప్పు."

"హెల్మెట్ ఉండెనక్కా. మొగం కనపడలే."

"వాడు కాదంటావా అయితే?"

"వాడే అనుకుంటా ఉండా."

"నువ్వనుకుంటా ఉండావు, నేననుకుంటా ఉండా, పోలీసులనుకుంటా ఉండారు, ఊరంతా అనుకుంటా ఉండాది. ఇంకెవురు అనుకోవల్ల?"

ఆవిడ చేతులు ఆగలేదు.

"ఆ గేటు తీసింది నేను. ఆయన వద్దనె. నేనే తీస్తి. నిలబడమన్నదీ నేనే. మనుషులు కావల్ల అని ఏడిస్తి ఇన్నేండ్లు. ఆ గేట్లోంచే వాడొచ్చె." అక్క గింజ నొక్కింది, పప్పు జారి నేల మీద పడింది, తీయలేదు. "వానికి శిక్ష పడితే, చంపింది వాడు అని ఒక కాగితం ఉంటాది. లేకుంటే చంపింది నేనే అనిపిస్తాది నాకు."

పితికిపప్పు తిన్నాను. రుచి తెలియలేదు. తిరుగు బస్సులో ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద లారీల మధ్య ఇరుక్కుపోయి కూర్చుని జడ్జిగారిని మనసారా తిట్టుకున్నాను. చచ్చి కూడా నా చేత పని చేయిస్తున్నారు ఈయన అని. మామూలు మనిషి దగ్గర పనిచేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఒక్క వేలు ఎత్తి చూపిస్తే అక్క బతుకుతుంది. అతను హంతకుడేనని నాకూ నమ్మకం. కానీ ఇన్నేళ్లుగా నేను టైపు చేసిన కాగితాల్లో ఎంతమందికి ఎంత నమ్మకం ఉండేదో నాకు తెలుసు. ఆ ముసలాయనకూ నమ్మకమే. రాత్రుళ్లు కళ్లు మూసుకుంటే నాకు కూడా అప్పుడప్పుడూ హెల్మెట్ అద్దం పైకి లేచి, లోపల ఆ ముఖం కనబడటం మొదలైంది. నన్ను నిజంగా భయపెట్టింది అదే. ఇంకొన్నాళ్లు ఆగితే చూశానని ఒట్టేసి చెప్పేదాన్నేమో.

బోనుకు ఎదురుగా ఎన్నో ఏళ్లు కూర్చున్నాను గానీ అందులోకి ఎక్కింది అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. జడ్జి నాకంటే చాలా చిన్నామె, శ్రద్ధగా వినే మనిషి. ప్రాసిక్యూటరు కాఫీ ఇచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టూ ఎక్కించుకుంటూ ఆ పొద్దుటికి తెచ్చాడు. ముద్దాయి హాలు వెనకవైపు తన బోనులో నిలబడి నన్నే చూస్తున్నాడు. అక్క చివరి బెంచీ మీద, తమ్ముడి పక్కన కూర్చుని ఉంది.

"ఆ రోజు లోపలికి వచ్చిన మనిషి ఈ కోర్టులో ఉన్నాడా?"

మంచినీళ్లు అడిగాను. ఇమ్మంది జడ్జి. తాగాను.

"నేను మొగం చూడలేదండి. హెల్మెట్ ఉండె. నేను చూసింది వీపు."

"నడక?"

"కుడికాలు ఈడ్చినట్టు ఉండె."

"ముద్దాయి నడక మీరు ముందే చూశారు కదా. అదే నడక కదా?"

"అట్లాంటి నడకే. ఆయనే అని చెప్పేకి లేదు."

ప్రాసిక్యూటరు కాగితాలు సర్దుకున్నాడు. జడ్జి నా మాటలను ఇంగ్లీషులో టైపిస్టుకు చెప్పింది. 'నేను అతని ముఖం చూడలేదు. వచ్చిన మనిషి ముద్దాయే అని నేను చెప్పలేను.' నా జీవితంలోకెల్లా కష్టపడి అన్న మాట అది. ఆమె గొంతులో ఎంత మామూలుగా ఉందో. వెనక్కి తిరిగి చూసేసరికి అక్క లేచి బయటికి పోతోంది.

తీర్పు కొన్ని నెలల తర్వాత వచ్చింది. రుజువు చాలలేదని, సంశయ లాభం కింద అతని విడుదల. వసారాలో అతను మనుషుల మధ్య నుంచి నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. "మీ మేలు మరిచిపోనమ్మా" అన్నాడు, అదే మెత్తని మాట. నాకు ఒళ్లు మండిపోయింది. "నీకోసం చెప్పలేదప్పా నేను. ఆ పొద్దు మొగం కనపడింటే నిన్ను ఉరికంబం దాకా నేనే పంపుండేదాన్ని" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు తల తిప్పి చూశారు. అతను నవ్వి, వెనక్కి తిరిగి, వసారా పొడుగునా నడిచి వెళ్లిపోయాడు. మెట్లు దిగేదాకా ఆ వీపునే చూస్తూ నిలబడ్డాను. ఇదే అనిపించింది. కాదేమో అనిపించింది. ఎంతసేపు చూసినా అంతకంటే ఏమీ తెలియలేదు.

అక్క కారు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. నా సాక్ష్యం రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు. "రా, ఎక్కు" అంది. పక్కపక్కనే కూర్చున్నాం. ట్రాఫిక్‌లో కారు నత్తలా పోతుంటే ఇద్దరం చెరో కిటికీలోంచి చూస్తూ ఉన్నాం. మా వీధి మొగలో కారు ఆగాక అంది.

"ఆయన నీ జాగాలో ఉండింటే ఇదే చెప్పుండేవాడు. నాకు తెలుసు."

నా ప్రాణం లేచివచ్చింది. ఆవిడ చేయి పట్టుకున్నాను, ఏడ్చాను కూడా. ఆవిడ నా చేతుల్లోంచి తన చేయి మెల్లగా తీసుకుంది.

"తెలుసు కాబట్టే చెప్తా ఉండా. నిన్ను చూస్తే ఆయన్నే చూసినట్టు ఉంటాది. నా వల్ల కాదు. నువ్వు ఇంక మా ఇంటికి రావద్దు."

దిగాను. కారు వెళ్లిపోయింది. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడ లేని వెలితి మాత్రం రోజూ ఉంటుంది. మా స్టాపులో హొసకోటె బస్సు ఆగుతుంది, కండక్టరు అలవాటు కొద్దీ నా వైపు చూస్తాడు, నేను తల అడ్డంగా ఊపుతాను. ఇన్నేళ్లలో అక్క నన్ను రెండే అడిగింది. మొదటిది నా వల్ల కాలేదు. రెండోది చేస్తున్నాను.